అమెరికాలో ఏ రాష్ట్రంలో ఇల్లు కొనాలి: ఆస్తి పన్నును సరిగా పోల్చడం ఎలా

ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు దొరికినప్పుడో, కంపెనీ రెండు మూడు నగరాల్లో ఒకదాన్ని ఎంచుకోమన్నప్పుడో, అమెరికాలో స్థిరపడాలనుకునే తెలుగు కుటుంబాలు మొదట ఇంటి ధరను, తరువాత బడులను, ఆ తరువాత రాష్ట్ర ఆదాయపు పన్నును చూస్తాయి. ఆస్తి పన్ను మాత్రం "టెక్సాస్‌లో ఎక్కువట, కాలిఫోర్నియాలో తక్కువట" అనే ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. ఇంటి రుణం ముప్పై ఏళ్లలో తీరిపోతుంది, ఆస్తి పన్ను మాత్రం ఇల్లు మన పేరున ఉన్నంతకాలం ఉంటుంది. ఉద్యోగం పోయిన ఏడాదిలోనూ, రిటైరయ్యాకా దాన్ని కట్టక తప్పదు. అంతటి ఖర్చును రాష్ట్రాల సగటు రేట్ల పట్టిక చూసి తేల్చుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. పోల్చవలసినవి మూడు: మీరు కొనబోయే ఫలానా ఇంటికి కొన్న మరుసటి ఏడాది నుంచి వచ్చే బిల్లు, ఆ బిల్లు తరువాతి సంవత్సరాల్లో పెరిగే తీరు, దాని పక్కన మీ ఆదాయం మీద ఆ రాష్ట్రం వేసే పన్ను.

రేటు ఎందుకు మోసగిస్తుంది

మొదటి చిక్కు లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది. జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతం మీదే పన్ను వేస్తారు. టెన్నెసీలో నివాసపు ఇళ్లకు 25 శాతం మీద. ఇల్లినాయిలో చాలా కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) మూడో వంతు మీద, షికాగో ఉన్న కుక్ కౌంటీలో 10 శాతం మీద. వర్జీనియాలో పూర్తి మార్కెట్ విలువను తీసుకుంటారు. రేటును చెప్పే తీరు కూడా ఒక్కటి కాదు. జార్జియా, ఫ్లోరిడా, మిషిగన్ వెయ్యి డాలర్లకు ఇన్ని మిల్స్ (వెయ్యికి ఒక డాలరైతే ఒక మిల్) అంటాయి, టెక్సాస్, నార్త్ కరొలైనా నూరు డాలర్లకు ఇంత అంటాయి. న్యూజెర్సీలో ఊరు ప్రకటించే సాధారణ రేటు ఒకటైతే, ఇళ్ల అసలు విలువతో సరిచూసిన రేటు మరొకటి. అక్కడ కొన్ని ఊళ్లలో విలువలు కట్టి చాలా ఏళ్లు గడిచిపోయి ఉంటాయి, కాబట్టి 3 శాతం పైన కనిపించే రేటు అసలు ధర మీద 2 శాతం కూడా కాకపోవచ్చు. అందువల్ల ప్రకటించిన రేట్లను పక్కన పెట్టి, కొనుగోలుదారుగా మీకు వచ్చే ఏడాది బిల్లును మీరు చెల్లించే ధరతో భాగిస్తే వచ్చే శాతాన్ని మాత్రమే పోల్చాలి.

రెండో చిక్కు సగటులో ఉంది. కాలిఫోర్నియా సగటు పన్ను ఇళ్ల విలువలో 0.7 శాతం చుట్టుపక్కల ఉన్నట్టు పట్టికల్లో కనిపిస్తుంది. అందులో ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కొన్నవాళ్లు చెల్లించే చిన్న బిల్లులన్నీ కలిసి ఉన్నాయి. ఈ రోజు కొత్తగా కొనేవారికి మూల రేటు 1 శాతం, దాని మీద స్థానిక బాండ్ల భారం కలిసి సాధారణంగా 1.1 నుంచి 1.25 శాతం వరకు పడుతుంది. కొత్త కాలనీల్లో మెల్లో-రూస్ అనే ప్రత్యేక పన్ను కూడా ఉంటే అది ఇంకా పైకి పోతుంది. కొనేవారికి సగటుతో పని లేదు.

మూడోది, తక్కువ రేటున్న చోట ఇంటి ధర తరచుగా ఎక్కువగా ఉంటుంది. హవాయి రేటు దేశంలో అతి తక్కువ వాటిలో ఒకటి, అక్కడి ఇళ్ల ధరలు అతి ఎక్కువ వాటిలో ఉన్నాయి. ఇది పూర్తిగా యాదృచ్ఛికం కాదు. కొనేవారు నెలకు ఎంత కట్టగలమన్నదాన్ని బట్టి ధర చెబుతారు గనుక, పన్ను తక్కువైతే ఆ మిగులు కొంత ఇంటి ధరలోకి చేరుతుంది. 6.5 శాతం వడ్డీకి ముప్పై ఏళ్ల రుణం తీసుకునే వారికి నెలకు 500 డాలర్ల పన్ను తేడా అంటే సుమారు 79,000 డాలర్ల అదనపు రుణానికి కట్టే నెలవారీ వాయిదాతో సమానం. అయితే రుణాన్ని ముందుగా తీర్చవచ్చు, వడ్డీ తగ్గినప్పుడు రీఫైనాన్స్ చేయవచ్చు, ఇల్లు అమ్మినప్పుడు ఆ ధర కొంతైనా తిరిగి రావచ్చు. కట్టిన పన్ను తిరిగి రాదు. ఒకే నెలవారీ మొత్తం ఉన్న రెండు ఇళ్లలో పన్ను వాటా తక్కువ ఉన్నదాన్ని నేను మెచ్చుకునేది అందుకే.

బిల్లు ఎలా పెరుగుతుంది

మొదటి ఏడాది బిల్లు కంటే పదో ఏడాది బిల్లు రాష్ట్రాల మధ్య తేడాను బాగా చూపిస్తుంది. చాలా పోలికలు వదిలేసే భాగమిదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చూడాలి.

కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13 ప్రకారం, కొన్న ధరే పన్ను విలువ అవుతుంది, ఆ తరువాత అది ఏటా 2 శాతానికి మించి పెరగదు. 10 లక్షల డాలర్లకు కొని 1.2 శాతం లెక్కన 12,000 కట్టే ఇంటికి, రేటు మారకపోతే, పదేళ్ల తరువాత బిల్లు 14,600 చిల్లరకు మించదు. ఆలోగా ఇంటి ధర రెట్టింపైనా సరే. ఇల్లు చేతులు మారగానే విలువ మళ్లీ మార్కెట్ ధరకు ఎక్కుతుంది. అంటే ఆ రాష్ట్రం ఒకే ఇంట్లో చాలాకాలం ఉండేవారికి మేలు చేస్తుంది, నాలుగైదేళ్లకోసారి ఇల్లు మారేవారికి ఆ మేలు పెద్దగా దక్కదు.

ఒరెగాన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1997 నాటి మెజర్ 50 కింద పన్ను విలువ సాధారణంగా ఏటా 3 శాతానికి మించి పెరగదు, ఇల్లు అమ్మినా ఆ పరిమితి తొలగిపోదు. అమ్మేవారి తక్కువ పన్ను విలువే కొనేవారికి సంక్రమిస్తుంది. పక్కపక్కనే ఒకే ధర పలికే రెండు ఇళ్లకు వేర్వేరు పన్నులు ఉండటం అక్కడ మామూలే గనుక, ఒరెగాన్‌లో మాత్రం పాత బిల్లును చూసి ఇళ్లను పోల్చడం సబబే.

మిషిగన్‌లో 1994 నాటి ప్రపోజల్ ఎ ప్రకారం పన్ను విలువ పెరుగుదల ద్రవ్యోల్బణం, 5 శాతం ఈ రెండింటిలో తక్కువదానికి పరిమితం. అమ్మకం జరిగిన మరుసటి ఏడాది ఆ పరిమితి ఎత్తివేస్తారు. ఫ్లోరిడాలో సొంత నివాసానికి పెరుగుదల 3 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. అక్కడా అమ్మకంతో విలువ మళ్లీ మార్కెట్‌కు చేరుతుంది. ఈ రాష్ట్రాల్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న దంపతుల దగ్గర ఇల్లు కొంటే వాళ్ల బిల్లుకు రెండు మూడు రెట్లు మీకు వచ్చే అవకాశం నిజంగానే ఉంది.

టెక్సాస్‌లో సొంత నివాసపు విలువ పెరుగుదలకు ఏటా 10 శాతం పరిమితి ఉంది. అది కూడా హోమ్‌స్టెడ్ (సొంత నివాసానికి ఇచ్చే పన్ను మినహాయింపు) వర్తించిన మొదటి ఏడాది తరువాతి సంవత్సరం నుంచే మొదలవుతుంది. పదేళ్లపాటు ఏటా 10 శాతం పెరిగితే విలువ రెండున్నర రెట్లు దాటుతుంది కాబట్టి కాలిఫోర్నియా పరిమితితో దీనికి పోలికే లేదు. ఆచరణలో అంత భారం పడకపోవడానికి మరో కారణం ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు పాత ఆస్తుల మీద తమ వసూళ్లను 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్ల దగ్గరికి వెళ్లాలి, అందుకే విలువలు పెరిగిన ఏడాదిలో రేట్లు తగ్గుతూ వచ్చాయి. బడి పన్నులో, అంటే ఆస్తి పన్నులో బడులకు వెళ్లే వాటాలో, హోమ్‌స్టెడ్ మినహాయింపును 2023లో 1,00,000 డాలర్లకు, 2025లో 1,40,000 డాలర్లకు పెంచారు. పాత వ్యాసాల్లోని టెక్సాస్ లెక్కలు ఇప్పుడు పనికిరావు.

న్యూజెర్సీ తర్కం పూర్తిగా వేరు. అక్కడ ఊరు, బడి, కౌంటీ తమకు ఎంత డబ్బు కావాలో ముందుగా నిర్ణయించుకుని ఆ మొత్తాన్ని ఇళ్ల విలువల నిష్పత్తిలో పంచుతాయి. ఊళ్లో అన్ని ఇళ్ల ధరలూ ఒకే తీరున రెట్టింపైతే, రేటు సగమై, మీ బిల్లు దాదాపు అలాగే ఉంటుంది. మీ ఇల్లు మిగతావాటి కంటే ఎక్కువ పెరిగినప్పుడే పునర్మూల్యాంకనంలో భారం మీ వైపు మొగ్గుతుంది. మొత్తం వసూళ్ల పెరుగుదలకు, కొన్ని మినహాయింపులతో, ఏటా 2 శాతం పరిమితి ఉంది. అంటే న్యూజెర్సీ బిల్లు మొదటి రోజు నుంచే పెద్దది, రాష్ట్ర సగటే 2024లో 10,000 డాలర్లు దాటింది. కానీ పెరిగే వేగం కొంత ఊహకు అందుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ పాత ఆస్తుల మీద మామూలు వసూళ్లు ఏటా 1 శాతానికి మించి పెంచకూడదు, అయితే బడుల కోసం, ఇతర అవసరాల కోసం ఓటర్లు విడిగా ఆమోదించే పన్నులు దానికి అదనం.

నార్త్ కరొలైనాలో కౌంటీలు కనీసం ఎనిమిదేళ్లకోసారి విలువలు మళ్లీ కట్టాలి, చాలా కౌంటీలు అంతకంటే ముందే కడతాయి. మధ్యలో మీ విలువ కదలదు, ఆ ఏడాది రాగానే ఒక్కసారి ఎగురుతుంది. కొనే ముందు ఆ కౌంటీలో తరువాతి మూల్యాంకనం ఏ సంవత్సరమో అడగాలి. వచ్చే ఏడాదే ఉంటే ఇప్పటి బిల్లు ఆధారంగా బడ్జెట్ వేసుకోకూడదు.

లిస్టింగులో కనిపించేది మీ పన్ను కాదు

ఇళ్ల వెబ్‌సైట్లలో ధర కింద కనిపించే పన్ను చాలావరకు అమ్మేవారి గత సంవత్సరపు బిల్లు. అందులో వాళ్ల పాత విలువ పరిమితి, వృద్ధుల మినహాయింపు, మాజీ సైనికుల మినహాయింపు కలిసి ఉండవచ్చు. మీకు అవేవీ రావు. కౌంటీ వెబ్‌సైట్‌లో ఆ పార్సెల్ (ఆ ఇల్లు, స్థలం కలిసిన ఆస్తి) పేజీ తెరిచి, ఏయే సంస్థలు ఎంతెంత రేటు వేస్తున్నాయో విడివిడిగా రాసుకుని, మీరు చెల్లించబోయే ధర మీద మీరే లెక్క కట్టుకోవాలి. మిషిగన్, ఫ్లోరిడాల్లో చాలా కౌంటీలు అమ్మకం తరువాత పన్ను ఎంతవుతుందో అంచనా వేసే సాధనాన్ని తమ సైట్లలోనే ఉంచాయి.

కొత్త ఇళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మనవాళ్లలో ఎంతోమంది బిల్డర్ దగ్గర కొత్త ఇల్లే కొంటున్నారు. టెక్సాస్‌లో జనవరి 1న ఆస్తి ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టే ఆ ఏడాది పన్ను పడుతుంది. ఆ రోజుకు పునాది కూడా పడని స్థలం మీద జూన్‌లో ఇల్లు పూర్తయి మీ చేతికొస్తే, ఆ సంవత్సరం బిల్లు స్థలానికి మాత్రమే వస్తుంది. రుణం ఇచ్చిన సంస్థ ఆ చిన్న బిల్లును చూసి ఎస్క్రో (పన్ను కట్టడానికి మీ నెలవారీ వాయిదాతో పాటు వసూలు చేసి దాచే ఖాతా) లెక్క కడితే మరుసటి ఏడాది పూర్తి ఇంటి పన్ను వచ్చినప్పుడు ఎస్క్రోలో వేల డాలర్ల లోటు తేలుతుంది. అప్పుడు నెలవారీ వాయిదా రెండు కారణాలతో పెరుగుతుంది: పాత లోటు తీర్చడానికి కొంత, కొత్త పన్నుకు సరిపడా కొంత. నెలకు 800, 900 డాలర్ల పెరుగుదల చూసి బెంబేలెత్తిన కుటుంబాలు ఉన్నాయి. క్లోజింగ్‌కు (కొనుగోలు పూర్తయి ఇల్లు మీ పేరున మారే రోజుకు) ముందే పూర్తయిన ఇంటి విలువ మీద ఎస్క్రో లెక్కించమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే ఆ తేడాను ప్రతి నెలా మీరే విడి ఖాతాలో దాచుకోండి.

కాలిఫోర్నియాలో దీనికి మరో రూపం ఉంది. కొన్న కొన్ని నెలలకు, పాత విలువకూ మీ ధరకూ మధ్య ఉన్న తేడా మీద సప్లిమెంటల్ బిల్లు వస్తుంది. అది సాధారణంగా నేరుగా యజమానికే వస్తుంది, ఎస్క్రో నుంచి కట్టరు. రుణసంస్థ చూసుకుంటుందిలే అని పక్కన పడేస్తే జరిమానా పడుతుంది.

ఒక లెక్క: టెక్సాస్, నార్త్ కరొలైనా

ఈ రెండు రాష్ట్రాల మధ్య ఊగిసలాడే కుటుంబాలు ఎక్కువ కాబట్టి వీటినే తీసుకుందాం. ఇంటి ధర రెండు చోట్లా 5,50,000 డాలర్లు అనుకుందాం. కింది స్థానిక రేట్లు కూడా లెక్క కోసం అనుకున్నవే, మీ ఇంటి రేట్లను వాటి స్థానంలో పెట్టుకోవాలి.

టెక్సాస్‌లో బడి పన్ను 1.1 శాతం, కౌంటీ, నగరం, ఇతర సంస్థలు కలిపి 0.9 శాతం అనుకుంటే, బడి పన్ను 1,40,000 మినహాయింపు పోగా మిగిలిన 4,10,000 మీద 4,510 డాలర్లు, మిగతాది 5,50,000 మీద 4,950 డాలర్లు, మొత్తం 9,460. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నార్త్ కరొలైనాలో కౌంటీ, పట్టణం కలిపి 0.9 శాతం అనుకుంటే ఆస్తి పన్ను 4,950. అక్కడ 2026లో ఆదాయపు పన్ను రేటు 3.99 శాతం, దంపతులకు ప్రామాణిక మినహాయింపు (ఆదాయంలో పన్ను పడని భాగం) 25,500 డాలర్లు.

ఇద్దరి సంపాదన కలిపి 2,00,000 డాలర్లైతే నార్త్ కరొలైనా ఆదాయపు పన్ను 6,960 చిల్లర, ఆస్తి పన్నుతో కలిపి 11,900 పైన. టెక్సాస్ సుమారు 2,450 డాలర్లు చవక. ఒక్కరే సంపాదిస్తూ ఆదాయం 1,20,000 అయితే నార్త్ కరొలైనా మొత్తం 8,720 చిల్లరకు దిగుతుంది, ఇప్పుడు అదే 740 డాలర్లు చవక. ఆదాయం 1,38,500 దగ్గర రెండూ సమానమవుతాయి.

ఇక్కడ ఒక్క అంశం మారిస్తే ఫలితం తలకిందులవుతుంది. టెక్సాస్ ఇల్లు నగర శివార్లలో మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ పరిధిలో ఉండి ఆ డిస్ట్రిక్ట్ అదనంగా 0.6 శాతం వసూలు చేస్తే బిల్లు 3,300 పెరిగి 12,760 అవుతుంది. 2,00,000 సంపాదించే కుటుంబానికి కూడా టెక్సాస్ లాభం పోయి 850 డాలర్ల నష్టంగా మారుతుంది. కొత్త కాలనీలకు నీళ్లు, మురుగు కాలువలు వేయడానికి తెచ్చిన బాండ్ల అప్పును తీర్చడానికే ఈ డిస్ట్రిక్టులు పన్ను వేస్తాయి. కాలనీ నిండి, అప్పు తీరుతున్న కొద్దీ రేటు తగ్గడం మామూలే, కానీ అందుకు ఏళ్లు పడుతుంది. ఒకే బడి పరిధిలో, రెండు మైళ్ల దూరంలో, ఈ డిస్ట్రిక్ట్ లేని పాత కాలనీ దొరకవచ్చు. రాష్ట్రాన్ని మార్చడం వల్ల వచ్చే లాభం కంటే కాలనీని మార్చడం వల్ల వచ్చే లాభం ఎక్కువగా ఉండే సందర్భాలు ఇలా చాలా ఉంటాయి.

ఈ లెక్క చెప్పే ఇంకో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ఆదాయపు పన్ను సంపాదనతో పాటు తగ్గుతుంది. ఆస్తి పన్ను తగ్గదు. లేఆఫ్ వచ్చి ఆరు నెలలు జీతం లేకపోతే నార్త్ కరొలైనా కుటుంబానికి రాష్ట్రానికి కట్టేది సగం దాకా తగ్గిపోతుంది, టెక్సాస్ కుటుంబం మాత్రం జనవరి 31లోగా పూర్తి బిల్లు కట్టాలి. ఉద్యోగం పోతే వీసా గడువు కూడా తరుముకొచ్చే కుటుంబాలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆస్తి పన్ను ఎక్కువ ఉన్న రాష్ట్రంలో కొనేవారు అత్యవసర నిధిలో ఒక సంవత్సరపు పన్నును విడిగా కలుపుకోవడం మంచిది.

ఫెడరల్ మినహాయింపును ఎక్కువగా ఊహించుకోవద్దు

రాష్ట్ర, స్థానిక పన్నులకు ఫెడరల్ రిటర్నులో ఇచ్చే మినహాయింపు 2018 నుంచి 10,000 డాలర్లకే పరిమితమై ఉండేది. 2025లో వచ్చిన చట్టం దాన్ని ఆ సంవత్సరానికి 40,000కు, 2026కు 40,400కు పెంచింది; ఆదాయం 5 లక్షల డాలర్ల చుట్టుపక్కల దాటినవారికి ఇది తగ్గుతూ పోతుంది, 2030లో మళ్లీ 10,000కు వస్తుంది. ఈ పరిమితిలోకి ఆస్తి పన్ను, రాష్ట్ర ఆదాయపు పన్ను రెండూ కలిసే వస్తాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ కుటుంబాలకు ఈ పెంపు నిజమైన ఊరట.

అయితే దీనితో లాభం కలగాలంటే మీ వడ్డీ, పన్నులు, దానాలు కలిపి ప్రామాణిక మినహాయింపును దాటాలి. దంపతులకు అది 2026లో 32,200 డాలర్లు. పై ఉదాహరణలోని ఇంటికి 4,40,000 రుణం తీసుకుని, దానికి మొదటి ఏడాది వడ్డీ సుమారు 28,400 అనుకుంటే, టెక్సాస్ ఇంటి పన్నుతో కలిపి 37,860 అవుతుంది. అంటే 9,460 పన్ను కట్టినా అదనంగా కలిసొచ్చే మినహాయింపు 5,660 మాత్రమే, దాని మీద మీ శ్లాబు రేటు ఎంతో అంతే మిగులు. వడ్డీ ఏటా తగ్గుతుంది కనుక ఈ లాభమూ తగ్గుతుంది. ఇంటి విలువను బట్టి కాకుండా స్థిరంగా వేసే మెల్లో-రూస్ వంటి చార్జీలు సాధారణంగా ఈ మినహాయింపుకు పనికిరావు.

మినహాయింపులు, వీసా, అద్దెకిచ్చే ఆలోచన

హోమ్‌స్టెడ్ మినహాయింపు చాలా రాష్ట్రాల్లో దానంతట అది రాదు, దరఖాస్తు చేయాలి. టెక్సాస్‌లో ఇంటి చిరునామా ఉన్న రాష్ట్ర లైసెన్సు లేదా గుర్తింపు కార్డుతో అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు (ఆస్తుల విలువ కట్టే స్థానిక కార్యాలయానికి) దరఖాస్తు పెట్టాలి, అది ఉచితం. డబ్బులు తీసుకుని చేసిపెడతామంటూ వచ్చే ఉత్తరాలను పట్టించుకోనవసరం లేదు. ఫ్లోరిడాలో గడువు మార్చి 1, జార్జియాలో ఏప్రిల్ 1.

ఫ్లోరిడా విషయంలో మన వీసాదారులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అక్కడ హోమ్‌స్టెడ్ కావాలంటే ఆ ఇల్లు చట్టరీత్యా శాశ్వత నివాసం కావాలి, కాబట్టి హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి సాధారణంగా అది ఇవ్వరు. మినహాయింపు పోవడం ఒక్కటే నష్టం కాదు, 3 శాతం పెరుగుదల పరిమితి కూడా దానితోనే పోతుంది. హోమ్‌స్టెడ్ లేని ఇంటికి వర్తించేది 10 శాతం పరిమితి. గ్రీన్ కార్డు కోసం దశాబ్దం పైగా ఎదురుచూసే కుటుంబానికి ఫ్లోరిడా ప్రచారం చేసుకునే లాభంలో పెద్ద భాగం అందదన్నమాట. ఏ రాష్ట్రమైనా సరే, మీ వీసా స్థితి చెప్పి మినహాయింపు వర్తిస్తుందా అని కౌంటీ కార్యాలయాన్ని ఆఫర్ వేయకముందే అడగండి.

మొదటి ఇంటిని అమ్మకుండా అద్దెకిచ్చి ఇంకో ఊరికి వెళ్లడం మనవాళ్లకు అలవాటు. అలా చేసినప్పుడు హోమ్‌స్టెడ్ రద్దవుతుంది, పన్ను పెరుగుతుంది. ఇండియానాలో సొంత నివాసానికి పన్ను విలువలో 1 శాతం పరిమితి ఉంటే, అద్దె ఇంటికి అది 2 శాతం. సౌత్ కరొలైనాలో సొంత నివాసాన్ని 4 శాతం మీద, అద్దె ఇంటిని 6 శాతం మీద లెక్కిస్తారు, పైగా సొంత నివాసానికి మాఫీ అయ్యే బడి నిర్వహణ పన్ను అద్దె ఇంటికి పడుతుంది. మిషిగన్‌లో అద్దెకివ్వగానే 18 మిల్స్ దాకా బడి పన్ను తోడవుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం 2 శాతం పరిమితి అద్దె ఇంటికి కూడా కొనసాగుతుంది. అద్దె ఆలోచన ఉంటే ఈ తేడా మొదటి రోజు బిల్లు కంటే ఎక్కువ బరువు తూగుతుంది.

ఎవరికి ఏది నప్పుతుంది

సంపాదన ఎక్కువ, ఇద్దరికీ స్థిరమైన ఉద్యోగాలు, ఐదారేళ్లలో మారిపోయే అవకాశం ఉందనుకుంటే, ఆదాయపు పన్ను లేని టెక్సాస్ లాభదాయకం, యుటిలిటీ డిస్ట్రిక్ట్ లేని కాలనీ దొరికితే మరీను. వాషింగ్టన్‌లో సాధారణ జీతాల మీద ఆదాయపు పన్ను లేదు, ఆస్తి పన్ను రేటూ తక్కువే, కానీ సియాటిల్ చుట్టుపక్కల ధరల వల్ల బిల్లు మొత్తం చిన్నది కాదు. ఒకే జీతం మీద నడిచే కుటుంబాలకు, ఆదాయం మధ్యస్థంగా ఉన్నవారికి నార్త్ కరొలైనా, జార్జియా, టెన్నెసీ వంటివి భద్రమైనవి. జార్జియాలో ఆదాయపు పన్ను ఉంది, టెన్నెసీలో జీతం మీద లేదు కానీ అమ్మకపు పన్ను దేశంలోనే ఎక్కువ వాటిలో ఒకటి. వర్జీనియాను చూసేవారు ఇంటి పన్నుతో పాటు కౌంటీలు కార్ల విలువ మీద ఏటా వేసే పన్నును కూడా కలుపుకోవాలి, రెండు కొత్త కార్లున్న ఇంటికి అది తేలిగ్గా వెయ్యి డాలర్లు దాటవచ్చు.

ఇరవై ఏళ్లు అదే ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచాలనుకునేవారికి, మొదటి ధరను భరించగలిగితే, కాలిఫోర్నియా పెరుగుదల పరిమితి విలువైనది. పిల్లలకు ఆ ఇంటిని పాత పన్ను విలువతోనే ఇచ్చే వీలును 2020 నాటి ప్రతిపాదన 19 బాగా కుదించింది. పిల్లలు అందులో నివసిస్తేనే, అదీ ఒక హద్దు వరకే, పాత విలువ వర్తిస్తుంది. న్యూజెర్సీ, ఇల్లినాయి విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: ఉద్యోగం, బంధువులు, ఫలానా బడి అనే గట్టి కారణం ఉంటేనే కొనండి, పన్ను కోణంలో వాటిని సమర్థించడం కష్టం, ఎందుకంటే రెండు చోట్లా ఆదాయపు పన్నూ ఉంది. న్యూజెర్సీ తన ఆదాయపు పన్ను లెక్కలో 15,000 డాలర్ల వరకు ఆస్తి పన్నును ఆదాయం నుంచి తగ్గించుకోనివ్వడం కొంత ఊరట. ఇల్లినాయిలో ఈ ఏటి పన్నును వచ్చే ఏడాది కడతారు గనుక, అమ్మేవారు తాము ఉన్న కాలానికి మీకు క్లోజింగ్‌లో జమ ఇవ్వాలి. ఆ జమను పాత బిల్లు మీద 100 శాతం కాకుండా 105 లేదా 110 శాతం లెక్కన ఒప్పందంలోనే రాయించుకోవడం అక్కడి వాడుక.

వృద్ధాప్యం దాకా ఆలోచించేవారు టెక్సాస్‌లో 65 ఏళ్లు నిండాక బడి పన్ను ఆ ఏటి మొత్తం దగ్గర స్థిరపడుతుందని, ఇల్లు పెంచి కట్టుకుంటే తప్ప అంతకు మించదని గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీలోనూ వృద్ధులకు పెరుగుదలను తిరిగి ఇచ్చే పథకాలున్నాయి, వాటికి ఆదాయ పరిమితులు ఉంటాయి.

ఎక్కడ కొన్నా, మదింపు నోటీసు వచ్చిన రోజే దాన్ని తెరిచి చూడండి. అప్పీలు గడువులు చిన్నవి: టెక్సాస్‌లో సాధారణంగా మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తరువాతైతే అది, జార్జియాలో నోటీసు తేదీ నుంచి 45 రోజులు, న్యూజెర్సీలో చాలా కౌంటీల్లో ఏప్రిల్ 1. మీరు మదింపు విలువ కంటే తక్కువ ధరకు కొని ఉంటే క్లోజింగ్ పత్రమే మీకు బలమైన ఆధారం. టెక్సాస్‌లో అమ్మకపు ధరను ప్రభుత్వానికి తెలపాలన్న నియమం లేదు కాబట్టి, ధర మీకు అనుకూలంగా ఉన్నప్పుడే ఆ పత్రాన్ని ముందు పెట్టండి.